బేస్‌మెంట్ గోడలకు చెమ్మ: గాలిలోని తేమా, వాన నీరా, భూమిలోని ఊటా?

ఎడిసన్ గృహస్థు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో 1968లో కట్టిన ఇంటిని ఈ ఏడాది ఫిబ్రవరిలో కొన్నాము. కొనేముందు వచ్చిన ఇన్‌స్పెక్టరు బేస్‌మెంట్ పొడిగా ఉందని రాసి ఇచ్చాడు. ఆయన అబద్ధం రాయలేదు. నేల గడ్డకట్టి ఉన్న ఆ రోజుల్లో అది నిజంగానే పొడిగా ఉంది. జూన్ రెండో వారం నుంచి మెట్లు దిగగానే తడిసిన గోనెసంచి వాసన రావడం మొదలైంది. జూలై వచ్చేసరికి చన్నీళ్ళ పైపులకు చెమటలు పట్టి బొట్లు కారుతున్నాయి, నేల మీద పెట్టిన అట్టపెట్టెల అడుగులు మెత్తబడి చేతికి ఊడి వస్తున్నాయి. సంక్రాంతికి కొలువు పెట్టుకోమని మా అమ్మగారు ఇచ్చిన కొండపల్లి బొమ్మల పెట్టెను మొన్న తెరిచి చూస్తే, దశావతారాల వరుసలో వరాహమూర్తి మెడ చుట్టూ, వామనుడి గొడుగు కాడ మొదట్లో, బూడిదరంగు నూగు కనిపించింది. నేను ఇల్లు కొన్నందుకు మొదటిసారి బాధపడింది ఆ రోజే.

ఇది కాక ఇంకొక లక్షణం ఉంది. గట్టి వాన పడినప్పుడు ఈశాన్య మూలలో, గోడా నేలా కలిసే చోట, మొదట సన్నటి తడి గీత కనిపిస్తుంది. గంట గడిచేసరికి అది చాప పరిచినంత మేర పాకుతుంది. ఆ మూలలో గోడ కింది రెండు వరుసల సిమెంటు ఇటుకల మీద పెళుసైన తెల్లటి పొడి పేరుకుంది; గోటితో గీస్తే రాలుతుంది. మిగిలిన గోడల మీద ఆ పొడి లేదు.

గాలి ఆడితే తడి ఆరుతుంది కదా అని, నాలుగు చిన్న కిటికీలనూ పొద్దుటి నుంచి రాత్రి వరకూ తెరిచి ఉంచి, టేబుల్ ఫ్యాను కూడా వేస్తున్నాను. తగ్గకపోగా ఇంకా ఎక్కువవుతున్నట్టు అనిపిస్తోంది. ఒక వాటర్‌ప్రూఫింగ్ సంస్థ వారు వచ్చి ఇరవై నిమిషాలు చూసి, లోపలివైపు నాలుగు గోడల వెంట నేల పగలగొట్టి కాలువ వేసి, గుంటలో చేరిన నీటిని బయటికి తోసే సంప్ పంపు పెట్టడానికి 14,000 డాలర్లు అవుతుందని, ఆ రోజే సంతకం చేస్తే 2,000 తగ్గిస్తామని చెప్పారు. ఇంకొకరు గోడలకు నీరు పట్టని పెయింటు రెండు పూతలు వేస్తే సరిపోతుందని 600 డాలర్లు అడిగారు. ఇద్దరి మాటల మధ్య ఇంత తేడా ఎందుకో నాకు అర్థం కాలేదు. వచ్చే వేసవికి అమ్మానాన్నలు వస్తున్నారు కనుక బేస్‌మెంట్‌లో వారికి ఒక గది కట్టాలని ఉంది. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరు.

కొలంబస్ నుంచి

ముందు ఆ కిటికీలు మూసేయండి. మిగిలినదంతా తరువాత మాట్లాడుకోవచ్చు.

మన ఊళ్ళలో తడి ఆరాలంటే తలుపులు, కిటికీలు తెరుస్తాము. అక్కడ గోడ, గాలి దాదాపు ఒకే వేడిలో ఉంటాయి కనుక అది పనిచేస్తుంది. ఇక్కడ బేస్‌మెంట్ గోడకు అవతల ఉన్నది చల్లటి మట్టి. బయట 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, 65 శాతం తేమ ఉన్న జూలై మధ్యాహ్నాన ఆ గాలికి మంచు బిందువు సుమారు 72 డిగ్రీలు. అంటే 72 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆ గాలిలోని ఆవిరి నీరై దాని మీద దిగుతుంది. మీ బేస్‌మెంట్ నేల ఆ రోజుల్లో 64, 65 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి గట్టు మీద పెట్టిన మజ్జిగ చెంబుకు బయట బొట్లు పట్టడం చూస్తాము కదా, మీ గోడలు, నేల, పైపులు అన్నీ ఆ చెంబే. మీరు ఫ్యాను పెట్టి దాని మీదికి రోజంతా తడి గాలిని తోలుతున్నారు. కొత్తగా ఇల్లు కొన్న ఏడాది నేనూ ఇదే చేశాను. ఆరు వారాల పాటు బేస్‌మెంట్‌ను నా చేతులతో నేనే తడిపానని తరువాత తెలిసింది.

అయితే మీరు చెప్పిన ఈశాన్య మూల సంగతి వేరు. అక్కడి నీరు గాలిలోనుంచి వచ్చినట్టు లేదు. మీ ఇంట్లో రెండు జబ్బులు ఒకేసారి ఉన్నాయని నా అనుమానం. అది నా మాట మీద నమ్మనక్కరలేదు, వంటింట్లోని అల్యూమినియం రేకుతో మీరే తేల్చుకోవచ్చు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న రేకు ముక్కలు నాలుగు కత్తిరించండి. గోడ మీద ఒక చోట, నేల మధ్యలో ఒక చోట, ఆ మూలలో గోడకు ఒకటి, నేలకు ఒకటి పెట్టి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు వేయండి. టేపు అంటుకోవాలంటే ముందు ఆ చోటును గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కనీసం ఒక రోజు, కుదిరితే రెండు రోజులు ఉంచి చూడండి. గదివైపు ముఖం మీద తడి ఉంటే అది గాలిలోని తేమ. రేకు ఊడదీసినప్పుడు వెనకవైపు తడి ఉంటే అది గోడలోనుంచో నేలలోనుంచో వస్తున్న నీరు. రెండువైపులా ఉంటే రెండూ ఉన్నట్టే.

ఈలోగా పది పదిహేను డాలర్లకు దొరికే తేమ కొలిచే మీటరు ఒకటి కొనండి. లోపలి తేమ 60 శాతం దాటకూడదని, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిదని ఇక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది. దానికోసం గాలిలోని తేమను లాగి నీరుగా మార్చే డీహ్యూమిడిఫయర్ పెట్టక తప్పదు. ఒక మాట గుర్తుంచుకోండి: 2019 నుంచి వీటిని కొలిచే పద్ధతి మారింది. అంతకుముందు 80 డిగ్రీల వేడి గదిలో పరీక్షించేవారు, ఇప్పుడు బేస్‌మెంట్‌కు దగ్గరగా ఉండే 65 డిగ్రీల దగ్గర పరీక్షిస్తున్నారు. చల్లటి గాలిలోనుంచి నీరు తక్కువ దిగుతుంది కనుక, పాత లెక్కలో రోజుకు 70 పింట్ల (పింటు అంటే సుమారు అర లీటరు) నీరు లాగుతుందని రాసిన యంత్రమే ఇప్పుడు 50 అని వస్తుంది. ఎవరైనా పాత 70 పింట్ల యంత్రాన్ని గొప్పగా చెప్పి అమ్మజూపితే మోసపోకండి. కొన్నాక బకెట్టును నమ్ముకోకుండా, గొట్టం తగిలించి నేల డ్రెయిన్‌లోకి గాని లాండ్రీ సింకులోకి గాని వదలండి. బకెట్టు పారబోయడం మొదటి మూడు రోజులు ఎవరైనా శ్రద్ధగానే చేస్తారు; నాలుగో రోజున అది నిండి యంత్రం ఆగిపోయినా ఎవరూ దిగి చూడరు.

ఆ తెల్లటి పొడి బూజు కాకపోవచ్చు. దాని మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. కరిగితే అది ఉప్పు. గోడలోనుంచి వచ్చిన నీరు సిమెంటులోని లవణాలను మోసుకువచ్చి, తాను ఆవిరైపోయి వాటిని అక్కడ వదిలిపెడుతుంది. మన వైపు గోడకు చౌడు పట్టిందంటాము, అదే ఇది. దానివల్ల హాని లేదు కానీ, నీరు ఏ చోటి నుంచి వస్తోందో అది చూపిస్తుంది కనుక ఇప్పుడే తుడిచేయకండి.

విశ్రాంత ఇంజనీరు

నేను నీటిపారుదల శాఖలో 31 ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుని, ప్రస్తుతం వర్జీనియాలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. కొలంబస్ వారు గాలి సంగతి చక్కగా చెప్పారు కనుక నేను ఆ మూల సంగతే చెబుతాను.

కాలువ కట్టను ఆనుకుని ఉన్న పొలాలకు జాలు పడుతుందని మన రైతులందరికీ తెలుసు. కట్టకు ఎక్కడా గండి లేకపోయినా నీరు మట్టిలోనుంచి దారి చూసుకుని పల్లంలో పైకి తేలుతుంది. మీ ఇంటి మూలలోనూ అదే జరుగుతోందని నా అభిప్రాయం. అయితే ఆ జాలుకు కాలువ ఏదన్నది వెతకాలి, చాలా ఇళ్ళలో ఆ కాలువ ఇంటి పైకప్పే. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 623 గ్యాలన్ల నీరు దిగుతుంది. మీ కప్పు 1,200 చదరపు అడుగులనుకుంటే, రెండు అంగుళాల వానకు దాదాపు 5,600 లీటర్లు. హైదరాబాదులో వేసవిలో వీధిలోకి వచ్చే చిన్న నీళ్ళ ట్యాంకరు ఐదు వేల లీటర్లది. అలాంటి ట్యాంకరును మీ పునాది పక్కన నిలిపి తూము తెరిచారనుకోండి, ఏమవుతుంది? గట్టరు (కప్పు అంచున వాన నీటిని పట్టే కాలువ) పూడిపోయినా, దాని నుంచి నేలకు దిగే గొట్టం గోడ మొదట్లోనే నీటిని వదిలిపెడుతున్నా, ప్రతి వానకూ మీ ఇంటి వద్ద జరుగుతున్నది అదే.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. బేస్‌మెంట్ కట్టేటప్పుడు గోడకు అవతల మూడు నాలుగు అడుగులు అదనంగా తవ్వి, గోడ లేచాక ఆ సందును తిరిగి మట్టితో పూడుస్తారు. పూడ్చిన మట్టి ఎంత కుదించినా పక్కనున్న కన్నెనేలంత గట్టిగా ఉండదు. కనుక ఇంటి చుట్టూ కనపడని తొట్టి ఒకటి ఏర్పడి, పైనుంచి వచ్చిన నీరు ఇట్టే అందులోకి ఇంకి, అటు గట్టి నేలలోకి పోలేక గోడ పక్కనే నిలబడుతుంది. యాభై ఏళ్ళు గడిచేసరికి ఆ పూడ్పు మట్టి కుంగి, నేల వాలు ఇంటి నుంచి బయటికి కాక ఇంటివైపే తిరుగుతుంది. గోడ నుంచి మొదటి పది అడుగుల్లో నేల ఆరు అంగుళాలైనా కిందికి వాలాలని ఇక్కడి గృహ నిర్మాణ నియమావళి చెబుతుంది. ఒక పొడవాటి చెక్క, ఒక రసమట్టం పట్టుకుని కొలవండి.

నిలిచిన నీరు చేసే పని కూడా తెలుసుకోవాలి. ఘనపు అడుగు నీటి బరువు 62.4 పౌన్లు. గోడ అవతల నాలుగు అడుగుల ఎత్తున నీరు నిలిస్తే గోడ పాదం దగ్గర ప్రతి చదరపు అడుగు మీద 250 పౌన్ల ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి నీరు తేలికైన సందు వెతుక్కుంటుంది. ముందు పునాది పాదం పోసి, దాని మీద గోడ కట్టి, అన్నిటికన్నా చివర నేల కాంక్రీటు పోస్తారు కనుక, గోడా నేలా కలిసే ఆ అతుకే అన్నిటికన్నా తేలికైన సందు. మీకు మొదట తడి గీత అక్కడే కనిపించడానికి కారణం ఇదే. పెయింటు వేసే వారు లోపలివైపు పూత పూసి ఈ ఒత్తిడిని ఆపుతామంటున్నారు. మీ ఇంటి గోడలు బోలు ఇటుకలతో కట్టినవి. ఆ బోలులో నీరు నిండి, పూత వెనక చేరి, దానిని పొక్కులు పొక్కులుగా లేపేస్తుంది. నీటిని వచ్చే వైపు నుంచి ఆపాలి గాని, పోయే వైపు నుంచి ఆపడం కుదరదు. ఆ 600 డాలర్లు మీ దగ్గరే ఉంచుకోండి.

మరి ఏం చేయాలంటే, తరువాతి వానలో గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేయండి. ఎండలో ఎంత వెతికినా దొరకని తప్పు వానలో నిలబడితే పది నిమిషాల్లో కనిపిస్తుంది.

నేపర్‌విల్ గృహిణి

పెద్దలు చెప్పినదానితో నాకు పేచీ లేదు గాని, గట్టర్లు సరిచేస్తే అందరికీ నయమైపోతుందన్న ధీమా మాత్రం వద్దు. షికాగో శివారులోని మా ఇంటికి నేను అవన్నీ చేయించాను. కొత్త గట్టర్లు పెట్టించాము, పన్నెండు అడుగుల గొట్టాలు వేయించాము, రెండు ట్రక్కుల మట్టి తెప్పించి వాలు సరిచేయించాము. వేసవి వానలకు నీరు రావడం ఆగింది. ఏప్రిల్ వచ్చి మంచు కరిగాక మళ్ళీ వచ్చింది, ఈసారి ఒక మూల కాదు, నేల మధ్యలోని పగుళ్ళలోనుంచి. అది భూగర్భ జలం. నేలలోని నీటి మట్టమే పైకి లేచి బేస్‌మెంట్ నేల కాంక్రీటును కింది నుంచి నెడుతుంటే, కప్పు నీటిని ఎంత దూరం పంపితే మాత్రం ఏం లాభం?

రెంటికీ తేడా కనిపెట్టే గుర్తు ఒకటి నేను నేర్చుకున్నాను. వాన మొదలైన గంటా రెండు గంటల్లో నీరు కనిపించి, వాన ఆగాక త్వరగా తగ్గిపోతే అది పైనీరు. వాన ఆగిన మర్నాడో మూడో నాడో మొదలై, బయట ఎండ కాస్తున్నా రోజుల తరబడి వదలకపోతే అది భూమి ఊట. మీకు గంటలో వస్తోందన్నారు కనుక మొదటిదే కావచ్చు. కానీ మీరు ఆ ఇంట్లో ఇంకా ఒక్క వసంతకాలమే చూశారు.

మేము చివరికి లోపలి కాలువ వేయించుకున్నాము, దానికి నేను విచారించడం లేదు. గోడ వెంట నేలను అడుగు వెడల్పున కోసి, పాదం పక్కన కంకర పరిచి, చిల్లుల గొట్టం వేసి, ఆ నీటిని ఒక గుంటలోకి మళ్ళించి, అక్కడినుంచి పంపుతో బయటికి తోస్తారు. అది నీటిని ఆపదు, వచ్చినదానిని మర్యాదగా బయటికి పంపుతుంది, అంతే. వేయించుకుంటే కొన్ని సంగతులు చూసుకోవాలి. పంపు గొట్టానికి వెనక్కి రానివ్వని వాల్వు ఉండాలి, లేకపోతే తోసిన నీరే మళ్ళీ గుంటలో పడి పంపు ఊరికే తిరుగుతుంది. గొట్టం చివర ఇంటికి దూరంగా ఉండాలి, చలికాలంలో గడ్డకట్టి మూసుకుపోకుండా వాలు ఉండాలి. మురుగు కాలువలోకి కలపడం చాలా ఊళ్ళలో నిషేధం. గుంటకు గాలి చొరని మూత ఉండాలి, ఎందుకంటే నేలలోనుంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకు అది తెరిచిన వాకిలి. ఎలాగూ బేస్‌మెంట్‌లో మనుషులను ఉంచాలనుకుంటున్నారు కనుక రేడాన్ పరీక్ష ఒకటి చేయించండి; లీటరు గాలిలో 4 పికోక్యూరీలు, అంతకు మించి వస్తే సరిచేయించుకోవాలని ఇక్కడి పర్యావరణ సంస్థ సలహా.

అన్నిటికన్నా ముఖ్యం బ్యాటరీ మీద నడిచే రెండో పంపు. పెద్ద గాలివాన వచ్చిన రాత్రే కరెంటు పోతుంది, పంపు అవసరమయ్యేదీ ఆ రాత్రే. మా మొదటి పంపు అలాగే చేతులెత్తేసింది. తెల్లవారి దిగితే మెట్ల చివర మా పిల్లవాడి చెప్పులు తేలుతున్నాయి.

ఎడిసన్ గృహస్థు (మూడు వారాల తరువాత)

ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించాలి. చెప్పినవన్నీ చేసి చూశాకే రాయాలనుకున్నాను.

రేకు పరీక్షలో మధ్య నేల మీదా, పడమటి గోడ మీదా గదివైపే తడి పట్టింది, వెనక పొడిగా ఉంది. ఈశాన్య మూలలో గోడకు అతికించిన రేకు వెనక నుంచి, ఊడదీయగానే, నీరు ధారగా కిందికి జారింది. రెండు జబ్బులన్న కొలంబస్ వారి అనుమానం నిజమే. కిటికీలు మూసి 50 పింట్ల యంత్రం పెట్టి, గొట్టాన్ని లాండ్రీ సింకులోకి వదిలాను. మొదటి రోజు మీటరులో 78 శాతం ఉన్న తేమ తొమ్మిదో రోజుకు 54కు దిగింది. పైపుల చెమట ఆగింది. వాసన మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇక గొడుగు ప్రదక్షిణం. ఇంజనీరు గారికి ప్రత్యేకంగా నమస్కారాలు. ఆ మూలలో దిగువ గొట్టం వంపు తిరిగే చోట, పాత యజమాని గడ్డి కోసే యంత్రం తగిలి కాబోలు, రేకు నొక్కుకుపోయి ఉంది. నీరు గొట్టం చివరికి చేరకుండా ఆ అతుకు దగ్గరే ఎగజిమ్మి, గోడకు కొట్టుకుని సరిగ్గా పునాది వెంట దిగిపోతోంది. అక్కడ వేసిన రంగు రంగుల చెక్కపొట్టును పక్కకు తోస్తే, కింద నేల గోడవైపు వాలి ఒక పళ్ళెంలా ఉంది. పదడుగులకు ఆరు అంగుళాలు దిగవలసిన చోట, మొదటి నాలుగు అడుగుల్లో రెండు అంగుళాలు ఇంటివైపే దిగింది. ఆ మూలనున్న బేస్‌మెంట్ కిటికీకి బయట తవ్విన గుంట ఆకులతో నిండి తొట్టిలా నీరు పట్టుకుని ఉంది. ఇవన్నీ నేను ఎండలో పదిసార్లు చూసిన చోట్లే.

గొట్టం మార్చి, దానికి పది అడుగుల పొడిగింపు తగిలించాను. ఆకులు తీసి, కిటికీ గుంటకు మూత పెట్టాను. బంకమట్టి కలిసిన మట్టి ఒకటిన్నర ఘనపు గజాలు తెప్పించి, నేనూ పక్కింటి గుజరాతీ ఆయనా కలిసి రెండు శనివారాలు దిమ్మిస చేశాము. అన్నీ కలిపి 410 డాలర్లయ్యాయి.

విశ్రాంత ఇంజనీరు

సంతోషం. మట్టి పోసేటప్పుడు గోడ మీది చెక్క తొడుగుకు అది తగలకుండా కనీసం ఆరు అంగుళాలు ఖాళీ వదిలారో లేదో చూసుకోండి. నీటిని తప్పించబోయి చెదలకు నిచ్చెన వేసినవారిని చూశాను.

ఒక పని మిగిలింది. టార్చిలైటు గోడకు ఏటవాలుగా పట్టి నాలుగు గోడలూ చూడండి. నిలువుగా, మెట్లు మెట్లుగా ఉన్న సన్నటి పగుళ్ళు పాత ఇళ్ళలో మామూలే. సగం ఎత్తున అడ్డంగా పొడవాటి పగులు ఉన్నా, దారం కట్టి చూస్తే గోడ లోపలికి ఉబ్బినట్టు కనిపించినా, అది మట్టి ఒత్తిడికి గోడ వంగుతున్న గుర్తు. అప్పుడు అమ్మకానికి వచ్చేవారిని కాక, ఏ పనీ అమ్మని స్ట్రక్చరల్ ఇంజనీరును డబ్బిచ్చి పిలిపించుకోవాలి.

తల్లిదండ్రుల గది విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉండవచ్చు. నాలుగు ఋతువులూ గడిచేదాకా అక్కడ ఒక్క జిప్సం పలక కూడా బిగించవద్దు. కట్టినప్పుడైనా, పడకగదికి మనిషి బయటికి దూకి పోగలిగినంత కిటికీ ఉండి తీరాలి. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను శేషం కురిసినప్పుడు న్యూయార్క్ నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్ళలో చిక్కుకున్నవారే. పెద్దవాళ్ళకు మోకాళ్ళు నొప్పులున్నా పై గదే మేలు.

మినియాపొలిస్ నుంచి

బొమ్మల గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను, మా ఇంట్లోనూ అవే ఉన్నాయి. కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి చెక్కతో చేస్తారు. చేతులు, మెడలు, గొడుగులు విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. చింతగింజల పిండి అంటే బూజుకు విందుభోజనం. మీ వరాహమూర్తికి మెడ దగ్గరే, వామనుడికి గొడుగు కాడ దగ్గరే పట్టిందంటే కారణం అదే, అవి అతుకులు. తడిగుడ్డ అసలు పెట్టకండి, రంగు లేచిపోతుంది, మక్కు ఉబ్బుతుంది. ముందు పొడి గదిలో నీడన నాలుగైదు రోజులు ఆరనిచ్చి, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకుని, బయట గాలిలో మెత్తటి పొడి కుంచెతో దులపండి. తరువాత పై అంతస్తు అలమరలో ఉంచండి, అట్టపెట్టెలో మాత్రం వద్దు.

గోడల మీద బూజు ఉంటే సబ్బునీళ్ళతో రుద్ది ఆరబెడితే చాలు. తడిసిన కార్పెట్టును, జిప్సం పలకను కడగడం వృథా, పారేయవలసిందే. తడిసినదేదైనా 24 నుంచి 48 గంటల్లోగా ఆరకపోతే బూజు మొదలవుతుంది. పది చదరపు అడుగుల కన్నా ఎక్కువ మేర పాకి ఉంటే పనివారిని పిలవడం మంచిది.

బీమా పత్రం కూడా ఒకసారి చదవండి. మామూలు ఇంటి బీమా ఊటకు గాని వరదకు గాని డబ్బివ్వదు. సంప్ గుంట పొంగితే ఇవ్వాలంటే విడిగా ఒక అనుబంధం తీసుకోవాలి. ప్రభుత్వ వరద బీమా బేస్‌మెంట్‌లోని ఇల్లు వేడిచేసే ఫర్నేసుకు, వాటర్ హీటరుకు, పంపుకు చెల్లిస్తుంది గాని, అందులో గోడలకు చేసిన తుది మెరుగులకు, కార్పెట్టుకు, చాలావరకు సామానుకు చెల్లించదు. పైగా సాధారణంగా కొన్న 30 రోజులకు గాని అది అమలులోకి రాదు, తుపాను వార్త విని కొంటే అందదు.

ఎడిసన్ గృహస్థు

బొమ్మలు కోలుకున్నాయి. వరాహమూర్తి మెడ దగ్గర పసుపు రంగు కొంచెం వెలిసింది, మిగిలినవారంతా క్షేమం. గోడల్లో అడ్డ పగుళ్ళేవీ లేవు. రేడాన్ పరీక్ష డబ్బా పెట్టాను. గది ఆలోచన వాయిదా వేశాను, అమ్మానాన్నలకు పై గదే సిద్ధం చేస్తున్నాము. ఆ సంస్థవారు ఇంకా రెండుసార్లు ఫోను చేసి, ధర 11,500కు తగ్గించామని చెప్పారు. ఏప్రిల్ దాకా ఆగి, నేపర్‌విల్ గారు చెప్పినట్టు ఊట వస్తుందో లేదో చూశాకే మాట్లాడతానన్నాను.

ఇంకొక పని చేస్తున్నాను, ఎవరికైనా పనికిరావచ్చు. వాన పడినప్పుడల్లా ఆ మూలలో తడి ఎంతవరకు పాకిందో సుద్దముక్కతో చుట్టూ గీసి, తేదీ, ఎన్ని అంగుళాల వానో లోపల రాస్తున్నాను. గొట్టం మార్చకముందు గీసిన గీత మూడున్నర అడుగుల దూరం వచ్చింది. మార్చాక, మట్టి పోయకముందు పడిన ఒకటిన్నర అంగుళాల వానకు అడుగున్నర. నిన్న రాత్రి రెండు అంగుళాలు పడింది, తడి నా అరచెయ్యంత మేర ఆగింది. ఒకదానిలో ఒకటిగా ఉన్న ఆ గీతలను చూసి, బేస్‌మెంట్‌లో మెలికల ముగ్గు ఎప్పుడు వేశారని మా ఆవిడ అడిగింది. చీపురు తగలనివ్వకుండా వాటిని ఏప్రిల్ దాకా అలాగే ఉంచుతున్నాను. మంచు కరిగాక కొత్త గీత ఎక్కడ పడిందో ఇక్కడే రాస్తాను.